గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నేను చేసిన పిచ్చిపని: నిద్రమాత్రలు

ఏ పుస్తకాలు చదవాలో, ఎన్ని టెస్టులు రాయాలో చాలామంది చెప్పేశారు. ఇది హాస్టల్ అమ్మాయిల కోసం.

2024 ఫిబ్రవరి 25న గ్రూప్-2 తొలి వడపోత పరీక్ష, స్క్రీనింగ్. తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్లో ఉండేదాన్ని. సంక్రాంతి పోయినప్పట్నుంచి నిద్ర పట్టేది కాదు. పక్క మంచం అక్క "అర ముక్క వేస్కోవే, హాయిగా పడుకుంటావు" అని ఆల్‌ప్రాజొలామ్ ఇచ్చింది. మన ఊళ్లో కొండకు పోవాలంటే నెలసరి ఆపుకోడానికి డాక్టరు చీటీ లేకుండానే మాత్ర కొనేస్తాం కదా, ఆ చనువే ఇక్కడా. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్లో రాయాలి. మా సందు చివర షాపులో కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు, అంతే.

అర ముక్క మూడు వారాల్లో ఒకటయింది. పదింటికి మాత్ర వేసుకుని, నిద్ర వచ్చేదాకా హిస్టరీ తిరగేసేదాన్ని. పొద్దున చూస్తే విజయనగర వంశాలు సంగమ, సాళువ, తుళువ, ఆ తర్వాత? అరవీటి రాజుల చంద్రగిరి కోటను చిన్నప్పట్నుంచి చూసినదాన్ని, ఆ పేరే గుర్తు రాలేదు! ఈ రకం మందు ఒంట్లో ఉండగా చదివింది మెదడులో నిలవదని తర్వాత తెలిసింది.

ఇంకొకమ్మాయి జోల్పిడెమ్ అనే ఇంకో నిద్రమాత్ర వేసుకునేది, వాళ్లన్న వాడే కొలతే. ఆడవాళ్ల ఒంట్లోంచి అది నిదానంగా పోతుందని, పొద్దుటికీ మత్తు మిగులుతుందని 2013లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్లకు డోసు 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. ఆమె పొద్దున క్లాసులో ఎందుకు తూగేదో ఈ సంగతి తెలిశాక అర్థమైంది.

పరీక్షకు వారం ముందు భయమేసి ఒక్కసారిగా మానేశా. అది ఇంకో తప్పు. రెండు రాత్రులు కన్ను మూయలేదు, చేతులు వణికాయి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోతే డాక్టరమ్మ తిట్టలేదు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని చెప్పి, కొద్దికొద్దిగా తగ్గించుకునేలా రాసిచ్చింది.

ఆ స్క్రీనింగ్ గట్టెక్కలేదు. నెపమంతా మాత్ర మీద వేయను, మెంటల్ ఎబిలిటీ నాకు ఎప్పుడూ కొరకరాని కొయ్యే.

మొన్న ఆ అక్కే ఫోన్ చేసి "స్ట్రిప్ ఏమన్నా ఉందా?" అంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చెప్పా. కసురుకుని పెట్టేసింది. రెండ్రోజులకు రుయాకి తోడు రమ్మంది. గురువారం పోతున్నాం. ఓపీ క్యూ సంగతి తెలుసుగా, ఎకానమీ పుస్తకం సంచిలో పెట్టుకున్నా.