ఎనిమిది మందితో కొండల్లోకి: నా అనుభవం

కొండల్లో నడవడం నాకు ఎప్పటినుంచో అలవాటే. కానీ ఒక బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్లి, రాత్రిళ్లు టెంట్లలో ఉండి, అందర్నీ క్షేమంగా దింపే బాధ్యత నా మీద పడేసరికి చాలా టెన్షన్ పడ్డాను. స్నేహితులు, వాళ్ల స్నేహితులు కలిపి ఎనిమిది మందిమి తేలాం. ఇద్దరు ముగ్గురు రోజూ పరుగెత్తేవాళ్లు. ఇంకో ఇద్దరు వీపు మీద బరువుతో అసలు నడిచి ఎరగరు. ఆ తేడాను ఎలా సర్దుకున్నామన్నదే ఇక్కడ ఎక్కువగా చెప్తాను. గ్రూప్ ట్రెక్‌లో అసలు పని అదేనని నా నమ్మకం. బూట్లు, టెంట్లు, స్టవ్‌లు ఆ తర్వాతి సంగతి.

బయల్దేరడానికి చాలా ముందే అందరం ఒకచోట కూర్చున్నాం. ఎవరు ఎందుకు వస్తున్నారో ముందుగా అడిగాను. ఒకరికి శిఖరం ఎక్కాలని ఉంది, ఒకరికి ఫొటోలు కావాలి, ఒకావిడకు కొన్నాళ్లు ఫోన్ మోగని చోట ఉంటే చాలు. ఇవన్నీ కొండ మీద బయటపడితే గొడవలవుతాయి. తర్వాత ఆరోగ్యం సంగతులు. ఒకరికి ఆస్తమా ఉంది. ఇన్‌హేలర్ బ్యాగులో ఏ జేబులో ఉంటుందో ఆమెతో పాటు ఇంకో ఇద్దరికి తెలిసి ఉండాలని అనుకున్నాం. అన్నిటికంటే ముఖ్యమైనది, వెనక్కి తిరగాల్సిన సమయం. శిఖరానికి వెళ్లే రోజు మధ్యాహ్నం 1 గంటకు ఎక్కడుంటే అక్కడినుంచే దిగిపోవాలని తీర్మానించుకున్నాం. చాలా పర్వతాల్లో మధ్యాహ్నం దాటాక మబ్బులు పేరుకుంటాయి, పిడుగులు పడతాయి. పైగా ఎక్కినంతా దిగాలి కదా.

ఈ సమయాలను ఊహతో వేసుకోలేదు. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. సుమారు 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్లు నడుస్తూ 900 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. అందులో ఆగే సమయం కలవదు, అది చురుగ్గా నడిచేవాళ్ల లెక్క. మా గుంపుకు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుని, ఆగే సమయాన్ని విడిగా కలుపుకున్నాను.

బరువుల పంపకం దగ్గర కాస్త సున్నితంగా ఉండాల్సి వచ్చింది. ఎవరి బ్యాగూ వాళ్ల ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదన్నది మామూలుగా అందరూ చెప్పే మాట. అందులో టెంట్లు, స్టవ్‌లు, గిన్నెలు, తిండి లాంటి ఉమ్మడి సామాను ఎవరు మోయాలన్నది మన చేతిలో ఉంటుంది. వేగంగా నడిచేవాళ్లకు అవి ఎక్కువగా ఇచ్చాను. దాంతో వాళ్ల వేగం కొంచెం తగ్గింది, వెనకబడేవాళ్లది పెరిగింది. అయితే దారి మధ్యలో అందరి ముందూ ఒకరి బ్యాగు విప్పి బరువు తీసేస్తే ఆ మనిషి మనసు కష్టపడుతుంది. అందుకే ఏ మార్పులున్నా సాయంత్రం పూట, అందరి బ్యాగులూ ఎలాగూ విప్పి ఉన్నప్పుడే చేసేవాళ్లం.

నడకలో ముందు ఒకరు, చివర ఒకరు. ముందున్న మనిషిని ఎవరూ దాటకూడదు, చివరి మనిషికంటే ఎవరూ వెనకబడకూడదు. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు చివరి మనిషి దగ్గరే ఉండాలి. అందరికంటే నెమ్మదిగా నడిచే అమ్మాయిని నా వెనకే రెండో స్థానంలో ఉంచాను. ఆమె మాట్లాడుతూ నడవగలిగిన వేగమే మా అందరి వేగం. దారి చీలిన ప్రతిచోటా అందరూ వచ్చేదాకా ఆగేవాళ్లం. ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదితే ఆపదలో ఉన్నట్టని అందరికీ నేర్పాను.

విశ్రాంతి విషయంలో చాలా గుంపులు ఒక అన్యాయం చేస్తాయి. ముందు చేరినవాళ్లు హాయిగా కూర్చుంటారు. చివరివాళ్లు రొప్పుకుంటూ వచ్చేసరికి, "హమ్మయ్య, వచ్చేశారు, ఇక పదండి" అని లేస్తారు. అంటే విశ్రాంతి ఎక్కువగా కావాల్సినవాళ్లకే అది దొరకదు. మేం చివరి మనిషి బ్యాగు దించి కూర్చున్నాకే పది నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాళ్లం. ఇంకో నియమం, ఎవరు "ఆగండి" అన్నా కారణం అడక్కుండా ఆగాలి. మడమ దగ్గర చురుక్కుమన్నప్పుడే టేపు వేసుకుంటే ఐదు నిమిషాల పని. మొహమాటపడి ఊరుకుంటే సాయంత్రానికి బొబ్బ లేస్తుంది, మర్నాటికి నడకే కష్టమవుతుంది.

చీకటి పడటానికి రెండు గంటల ముందే క్యాంప్ వేసేవాళ్లం. బాగా పల్లంగా ఉన్న చోట వద్దన్నాను, రాత్రి చల్లగాలి జారి వచ్చి అక్కడే నిలుస్తుంది. ఎండిన వాగులో అసలే వద్దు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే చలి సగటున 6.5 డిగ్రీలు పెరుగుతుందని మందపాటి స్లీపింగ్ బ్యాగులు తెచ్చుకున్నాం, కానీ కింద మంచి మ్యాట్ లేకపోతే నేలే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఎంత చలిగా ఉన్నా టెంట్ లోపల స్టవ్ వెలిగించనివ్వలేదు. స్టవ్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

మలవిసర్జన గురించి కూడా మొదటి రోజే సిగ్గుపడకుండా మాట్లాడుకున్నాం. నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పూడ్చేయాలి. దీని గురించి మాట్లాడకపోతే ముఖ్యంగా ఆడవాళ్లు రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. కొండల్లో అది మంచిది కాదు. ఎవరు లేచినా తోడుకు ఇంకొకరిని లేపొచ్చని ముందే చెప్పుకున్నాం.

2,500 మీటర్లు దాటాక ఎత్తు ఎవరినైనా ఇబ్బంది పెట్టొచ్చు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకున్నాను. రోజూ రాత్రి అందర్నీ అవే ప్రశ్నలు అడిగేదాన్ని. తలనొప్పి ఉందా? సరిగ్గా తిన్నావా? వికారంగా ఉందా? ఒక సాయంత్రం మా అందరిలోకీ వేగంగా నడిచే కుర్రాడు అన్నం ముట్టలేదు. అడిగితే "ఏం లేదక్కా, బాగానే ఉన్నా" అన్నాడు. పక్కకు తీసుకెళ్లి మళ్లీ అడిగితే తల పగిలిపోతోందని ఒప్పుకున్నాడు. ఒంట్లో సత్తువ ఉన్నంత మాత్రాన ఎత్తు వదిలిపెట్టదు. మర్నాడు పైకి వెళ్లకుండా అక్కడే ఆగాం. తలనొప్పి పెరిగితే ఇంకొకరిని తోడిచ్చి కిందికి పంపాలని నిర్ణయించుకున్నాం. సాయంత్రానికి తగ్గింది, ఆకలన్నాడు. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

శిఖరానికి వెళ్లిన రోజు 1 గంటయ్యేసరికి మేం చివరి గట్టు మీద ఉన్నాం. శిఖరం కళ్లెదురుగా ఉంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఇద్దరు "ఇంకో గంటే కదా" అన్నారు. అలసట లేని రోజున అందరం కలిసి ఒప్పుకున్న మాట గుర్తు చేశాను. మొహాలు వాడిపోయాయి గానీ వెనక్కి తిరిగాం. వాన రాలేదు, ఉరుమూ వినిపించలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎందుకంటే దిగుడులో ఇద్దరికి మోకాళ్లు పట్టేశాయి, ఎక్కినప్పటికంటే ఎక్కువ సమయం పట్టింది. టెంట్లు చేరేసరికి దారి కనపడేంత వెలుగు మాత్రమే మిగిలింది. ఆ గంట శిఖరానికి ఇచ్చి ఉంటే ఆ రాళ్ల దారిలో చీకట్లో దిగాల్సి వచ్చేది.

ఆ రాత్రి శిఖరం దక్కలేదని బాధపడ్డ ఇద్దరితో చాలాసేపు మాట్లాడాను. వాళ్ల బాధ న్యాయమైనదే. అంతదూరం వచ్చి ఆగడం చిన్న విషయం కాదు.

ఇళ్లకు చేరాక తడి టెంట్లు బూజు పట్టకుండా ఆరబెట్టి, ఖర్చులు పంచుకుని, మళ్లీ ఒకసారి కలిశాం. ఎవరికి ఏది కష్టమైందో చెప్పుకున్నారు. రెండో స్థానంలో నడిచిన అమ్మాయి మాత్రం, ఈసారి అందరికీ ముందు నడిచే పని తనకిమ్మని అడిగింది. అందరం ఒప్పుకున్నాం. ఇప్పుడు ప్రతి ఆదివారం తనకు మ్యాపు చదవడం నేర్పిస్తున్నాను.