కవళ్ళ పులుసు, మామ్మగారి ప్రశ్న

"నూనె పూర్తిగా మానేస్తే మతిమరుపు తగ్గుతుందా బాబూ?" ఇవాళ పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌లో కవళ్ళు (సార్డిన్ చేపలు) బేరమాడుతూ ఓ మామ్మగారి ప్రశ్న.

అంత పని చెయ్యకండి మామ్మా. నీరు తీసేస్తే మెదడులో సగం దాకా కొవ్వే. అందులో ముఖ్యమైన డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆ బుట్టలోని కవళ్ళలోనే దండిగా ఉంది, కానాగంత చేపల్లోనూ ఉంది. వంజరం కొనలేకపోయామన్న బెంగే అక్కర్లేదు.

తేడా వచ్చేది వండే దగ్గర. నూనెలో ముంచి వేయిస్తే చేప కొవ్వు కొంత మూకుట్లోకి దిగిపోతుంది, మూకుట్లో నూనె ముక్కలోకి ఎక్కుతుంది. నిన్నటి నూనే మళ్ళీ కాస్తే మరీ చేటు. పులుసు పెడితే దిగిన కొవ్వు పులుసులోనే ఉండి అన్నంతో పాటు కడుపులోకి వస్తుంది. వారానికి రెండుసార్లు, పూటకి వంద గ్రాముల ముక్కలు చాలు.

చేప తినని ఇళ్ళలో అవిసె గింజలు. దోరగా వేయించి పొడి కొట్టి, రోజుకో టేబుల్ స్పూను. గింజలుగా మింగితే చాలావరకు అరక్కుండానే పోతాయి. మన విశాఖ ఉక్కకి పొడి త్వరగా పాడవుతుంది, వారానికి సరిపడానే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అయితే ఒంట్లో అవిసె కొవ్వు డీహెచ్ఏగా మారేది చాలా కొద్దిగానే, చేపకి సరిసాటి కాదు.

చేపనూనె క్యాప్సూల్స్ మతిమరుపుని ఆపుతాయని పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు మొదలెట్టొద్దు.

పెద్దవాళ్ళలో మరుపు కొత్తగా కనిపిస్తే వంటనూనె సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించి బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. కారణం బీ12 విటమిన్ లోపమో, థైరాయిడో అయితే మందులున్నాయి.