రెండు రాడ్ల పని

ఇందుకూరుపేట వైపు మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. వానలు పడితే ఆ గట్ల మీద బైకు జారుతుంది, కారు దిగబడుతుంది. అందుకని మూడేళ్ల కిందట ఒక పాత మారుతీ జిప్సీ కొన్నాను. 1300 సీసీ పెట్రోలు బండి, ఫోర్‌వీల్ డ్రైవ్. నా చేతికి వచ్చేసరికే దాన్ని ఎవరో లేపి ఉన్నారు. జిప్సీకి కంపెనీ కమాన్ కట్టల్ని, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల్ని, హౌసింగ్ (చక్రాల ఇరుసు ఉండే గొట్టం) కింద పెట్టేది. వాటిని హౌసింగ్ పైకి మారిస్తే బండి సుమారు 5 అంగుళాలు లేస్తుంది. టైర్లు కూడా కంపెనీ సైజు 205/70 తీసేసి, అంతకంటే పెద్దవి 235/75 వేశారు. గుంటల పనికి అంత ఎత్తు అక్కర్లేదు. చూడటానికి బాగుంది, కొన్నాను. మా నాయన ఒకసారి ఎక్కి, దిగడానికి స్టూలు అడిగాడు. మళ్లీ ఎక్కలేదు.

పోయినేడు ఒక ఆదివారం స్నేహితులతో కలిసి ఉదయగిరి మీదుగా సీతారామపురం వెళ్లి, అక్కడి నుంచి భైరవకోనకి బయల్దేరాం. దారిలో ఒక వాగు కనిపించింది. రోడ్డు చక్కగా ఉంది, వాగులో దిగాల్సిన పనేమీ లేదు. వెనక సీట్లో వాళ్లు వీడియో తీస్తున్నారు కాబట్టి దిగాను. ముందు కుడి చక్రం ఒక బండ మీద నుంచి జారి దభీమని పడింది. ఆ చప్పుడు కింద 'టక్' అని ఇంకొకటి వినిపించింది. ఆ రెండోది ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. గట్టెక్కాక స్టీరింగ్ తిప్పితే చక్రం ఆలస్యంగా తిరుగుతోంది. కింద పడుకుని చూశాను. ఒకణ్ణి స్టీరింగ్ ఊపమంటే, స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాల రాడ్డుకి అందించే గేర్ల పెట్టె) మొత్తం చాసీ మీద, అంటే బండి అడుగు ఇనుప చట్రం మీద, ఊగుతోంది. బాక్స్ బిగించిన బోల్టు దగ్గర నుంచి కిందికి వెంట్రుక మందాన గీత. ట్రాక్టర్ మాట్లాడుకుని సీతారామపురం చేర్చి, మర్నాడు వేరే బండి మీద నెల్లూరు తెచ్చుకున్నాం.

నెల్లూరులో చూపించిన మొదటి చోట, "ఏముందన్నా, రెండు రాడ్ల పని. టీ తాగి రా" అన్నారు. నిజంగానే టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. గీత మీద వెల్డింగ్ పూసి, దాని మీద 6 మిల్లీమీటర్ల మందం ప్లేటు నలుచదరంగా కోసి చుట్టూ అతికించారు. పైన నల్ల పెయింట్. 1,500 రూపాయలు. అబ్బ, ఎంత చవక అనుకున్నాను.

సరిగ్గా మూడు వారాలకి గుంట గట్టు మీద మలుపు తిప్పుతుంటే మళ్లీ అదే ఊగుడు. ఈసారి వెల్డింగ్ దగ్గర కాదు, ప్లేటు అంచు పక్కనే నిలువుగా పైనుంచి కిందిదాకా చీలింది. పాత గీత కంటే పెద్దది. హైవే మీద ఉండగా కాలేదు, అదొక్కటే అదృష్టం.

మా గుంటలకి మేత తెచ్చే లారీ డ్రైవరు అది చూసి, "చాసీ పని కారు మెకానిక్‌లది కాదన్నా. చీమకుర్తి పో. అక్కడ క్వారీ టిప్పర్లు రోజూ విరుగుతాయి, రోజూ కడతారు" అన్నాడు. చీమకుర్తి అంటే ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో ఉంది, గెలాక్సీ గ్రానైట్ దొరికే ఊరు. నెల్లూరు నుంచి ఒంగోలే 120 కిలోమీటర్లు. ఈ బండిని నడిపే ప్రశ్నే లేదు. కృష్ణపట్నం పోర్టులో రాళ్లు దించి ఖాళీగా వెళ్తున్న ట్రెయిలర్ ఒకటి ఆ డ్రైవరే మాట్లాడి పెట్టాడు. ఒక గట్టుకి ట్రెయిలర్ వెనకభాగం ఆనించి, రెండు చెక్కలు వేసి, జిప్సీని తోసి ఎక్కించాం. పావుగంట పనే గానీ ఆ పావుగంటలో నాకు చెమటలు పట్టాయి.

చీమకుర్తిలో టిప్పర్ల చాసీలు కట్టే మేస్త్రీ గారి దగ్గరికి చేరాం. ఆయనకి అరవై దాటి ఉంటాయి. బండి దిగకముందే చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంది అబ్బాయ్, ఇంత ఎత్తు లేపావు? మీ గుంటల్లో రొయ్యలు చెట్లెక్కుతున్నాయా?" అన్నాడు. పగులు చూపించబోతే చూడలేదు. ముందు స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు చూపించాడు. అది ఇంచుమించు నేలకి సమాంతరంగా ఉండాలి. చాసీ 5 అంగుళాలు పైకి పోయేసరికి నిచ్చెన ఆనించినట్టు ఏటవాలుగా దిగింది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ, గతుకు తగిలిన ప్రతిసారీ అది బాక్స్‌ని పక్కకే కాకుండా పైకీ కిందికీ పీకుతోంది. దానికి తోడు పెద్ద టైర్ల బరువు. "నీ వాగులో బండరాయి దీన్ని విరగ్గొట్టలా. విరిగేదాన్ని చూపించింది, అంతే" అన్నాడు. ఎత్తు దించడానికి ఒప్పుకుంటేనే వెల్డింగ్ హోల్డర్ పట్టుకుంటానన్నాడు. నేను కాసేపు బేరమాడాను, సగం దించుదామని. ఆయన బీడీ వెలిగించుకుని ఇంకో టిప్పర్ కిందికి దూరాడు. ఒప్పుకున్నాను.

పని ఐదు రోజులు పట్టింది. అందులో వెల్డింగ్ మొత్తం కలిపితే రెండు గంటలు ఉండదు.

మొదటి రోజంతా విప్పడమే. బ్యాటరీ తీశారు, ఆల్టర్నేటర్ వైర్లు, ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు; వెల్డింగ్ కరెంటు వాటిలోకి పోతే చాసీ కంటే వాటికే ఎక్కువ ఖర్చు. మొదటి చోట ఇదేమీ చేయలేదని అప్పుడు గుర్తొచ్చి గుండె జారింది. పెట్రోలు ట్యాంకు దించారు. బాడీ బోల్టులు విప్పి, బాడీని కొంచెం లేపి మధ్యలో చెక్క దిమ్మలు పెట్టారు. తర్వాత మేస్త్రీ గారు చిన్న సుత్తి తీసుకుని చాసీ పొడవునా కొట్టుకుంటూ పోయాడు. ముందు భాగం ఖంగుమంటోంది. వెనక కమాన్ కట్ట చాసీకి తగిలే షాకిల్ దగ్గరికి వచ్చేసరికి మట్టికుండ మీద కొట్టినట్టు మోగింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. జిప్సీ చాసీ పట్టీలు నాలుగువైపులా మూసి ఉండే పెట్టె లాంటివి. గట్ల మీద ఉప్పు బురద ఏదో కన్నంలోంచి లోపలికి చేరుతుంది. నీళ్లు కారడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు ఆ బురదతోనే పూడిపోతాయి. ఇక లోపలి నుంచి తినేస్తుంది. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక కన్నంలోంచి రెండు దోసిళ్ల మన్ను రాలింది. ఒక చిన్న నత్తగుల్ల కూడా.

రెండో రోజు కొలతలు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ఆయన షెడ్డులో నేలంతా అమ్ముడుపోని గ్రానైట్ పలకలు మట్టం చూసి పరిచి ఉన్నాయి. నల్ల రాయి, లోపల బంగారు రంగు చుక్కలు. ఊళ్లలో జనం డబ్బు పోసి ఇంట్లో వేసుకునే రాయి మీద ఇక్కడ గ్రీజు కారుతోంది. చాసీ మీద ఎనిమిది చోట్ల నుంచి తాపీమేస్త్రీల గుండు దారంతో వేలాడదీసి, అది తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టాడు. బండిని పక్కకి తోసి, ఆ గుర్తుల మధ్య మూలల నుంచి మూలలకి టేపు పట్టాడు. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. మాకు ముందు భాగంలో 11 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. వంకర మీద వెల్డింగ్ చేస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. గొలుసులు, కప్పీ, రెండు జాకీలు పెట్టి మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెంగా లాగి, తేడాని 3కి తెచ్చాడు. "టిప్పర్‌కి 5 అయినా వదిలేస్తా. నీది చిన్న బండి కదా" అన్నాడు.

మూడో రోజు పాత ప్లేటు గ్రైండర్‌తో కోసి తీశారు. కింద లోహం తళతళలాడేదాకా రుద్ది ఎర్ర రంగు ద్రవం స్ప్రే చేసి, కాసేపు ఆగి తుడిచేసి, దాని మీద తెల్లది కొట్టారు. పగులులో దాక్కున్న ఎరుపు తెల్లదాని మీదికి ఊరింది. కంటికి కనిపించిన దానికంటే పగులు 4 సెంటీమీటర్లు ఎక్కువే ఉంది. ఆ చివరి కొనలో 4 మిల్లీమీటర్ల రంధ్రం వేశాడు. మొన లేకపోతే పగులు ముందుకు పాకదు. తర్వాత పగులు పొడవునా 'వి' ఆకారంలో గాడి తీసి, సీఓటూ వెల్డింగ్‌తో (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదులుతూ తీగతో చేసేది) నింపాడు. ఒక్కసారిగా కాదు, అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ, మధ్యలో చల్లారనిస్తూ. తొందరపడి నేను మగ్గుతో నీళ్లు అందించబోతే కసిరాడు. వేడి ఇనుము మీద నీళ్లు పోస్తే పెళుసెక్కుతుందట.

ప్లేటు కూడా మొదటి చోట వేసినంత మందం కాదు, 3 మిల్లీమీటర్లే. నలుచదరం కాదు, మామిడాకులా రెండు కొనలూ సన్నగా కోశాడు. నిలువు అంచు ఉంటే చాసీ వంగినప్పుడల్లా బలమంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది, అక్కడే చీలుతుంది. నాది చీలింది సరిగ్గా అక్కడే. స్టీరింగ్ బాక్స్ బోల్టులు వెళ్లే చోట చాసీ లోపల గొట్టపు ముక్కలు దూర్చి వెల్డ్ చేశాడు. లేకపోతే బోల్టు బిగించే కొద్దీ డొల్ల పట్టీ నొక్కుకుపోతుంది.

పని మొదలెట్టే ముందే చాసీ నంబర్ కొట్టిన చోటు వెతికి, దాని మీద తడి గోనెపట్టా కట్టించాడు. గ్రైండర్ అక్కడ గీసినా, పెయింట్ మందంగా పడినా, 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు నువ్వే సమాధానం చెప్పుకోవాలి అన్నాడు. ఎత్తు లేపడం సంగతీ అంతే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు పెట్టలేదని తర్వాత చాలామంది అడిగారు. ఆ ఎత్తు బండిని సర్వేయర్ ముందు నిలబెట్టే ధైర్యం నాకు లేదు.

వెనక తుప్పు తిన్న ముక్క కోసేసి కొత్తది వేశారు. జింక్ ప్రైమర్, ఎపాక్సీ పెయింట్, పట్టీల లోపలికి సన్నటి గొట్టంతో మైనం స్ప్రే. పూడిన రంధ్రాలన్నీ తెరిచారు. కమాన్ కట్టలు మళ్లీ హౌసింగ్ కిందికి వచ్చాయి. టైర్లు కూడా పాత సైజువే వేయించాను. మేస్త్రీ గారికి 38,000, టైర్లకి వేరే, ట్రెయిలర్ డ్రైవరుకి డీజిల్ కింద 4,000. మొదటి చోట మిగిలిందనుకున్న డబ్బు ఇదన్నమాట.

తిరుగు ప్రయాణంలో ఒంగోలులో వీల్ అలైన్‌మెంట్ చూపించుకుని హైవే ఎక్కాను. సింగరాయకొండ దాటాక స్టీరింగ్ మీద వేళ్లు తేలిగ్గా ఆనించి చూశాను. బండి గీత గీసినట్టు పోతోంది. ఇన్నాళ్లుగా దాన్ని కుడివైపు కొంచెం పట్టి లాగుతూ నడిపానని, అది నా చేతికి అలవాటైపోయిందని అప్పుడు తెలిసింది.

వెల్డింగ్ చేసిన చోట మాత్రం మేస్త్రీ గారు నలుపు వేయలేదు, తెల్ల పెయింట్ వేశాడు. పగులు మళ్లీ మొదలైతే తెలుపు మీద తుప్పు గీత ముందే కనిపిస్తుందని. నెలకోసారి బోరు నీళ్లతో అడుగంతా కడిగి, టార్చి వేసి చూస్తున్నాను. ఇప్పటికి ఏడు నెలలు. తెలుపు తెల్లగానే ఉంది. మొన్న అలా కింద పడుకుని ఉంటే మా నాయన వచ్చి తలుపు తీసి, స్టూలు లేకుండా ఎక్కి కూర్చుని, "ఇంకెంతసేపురా, గుంట కాడికి పోవద్దా?" అన్నాడు.