పళ్ళెంలో మిగిలే అన్నం, బడి ఆవరణలో ఎండిపోయే మొక్క

మధ్యాహ్న భోజనం ముగిశాక కుళాయిల పక్కనున్న డ్రమ్ములో పేరుకునే అన్నాన్ని చూసినవారు ఎవరైనా మొదట అనే మాట, ఈ కాలం పిల్లలకు అన్నం విలువ తెలియదని. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి కొండల వైపు ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్న నాకు ఈ మాట అన్యాయంగా తోస్తుంది. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కూలికి వెళ్లేవారే. కరవు అంటే ఏమిటో ఆ ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు. అలాంటి పిల్లలు అన్నం పారవేస్తున్నారంటే కారణాన్ని వారి స్వభావంలో కాక వంట, వడ్డన జరిగే తీరులో వెతకాలని నా అభిప్రాయం.

బడిలో వండిన భోజనం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో అది 2003 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఆ పథకానికి, ఆకలితో గుమ్మం తొక్కినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. ఆ పేరుకు తగినట్టుగా నడవాలంటే వృథా తగ్గించడం అనే పనికి ఒక హద్దు ముందే గీసుకోవాలి. పిల్లలు కడుపునిండా తిన్నారా అన్నది మొదటి ప్రశ్న, డ్రమ్ములో ఎంత మిగిలిందన్నది రెండవ ప్రశ్న. ఈ వరుస తారుమారైతే, పారవేస్తే మాస్టారు కోప్పడతారన్న భయంతో పిల్లలు అసలు పెట్టించుకోవడమే మానేస్తారు. అప్పుడు డ్రమ్ము ఖాళీగా కనిపిస్తుంది గాని బిడ్డ మూడు గంటలకే నీరసంతో బల్ల మీద తల వాలుస్తుంది.

అందుకే మేము ఉపన్యాసాలు పక్కన పెట్టి తూకంతో మొదలుపెట్టాము. మూడు బకెట్లు పెట్టాము: వంటగదిలో వచ్చే తొక్కలు, తొడిమలకు ఒకటి, వడ్డించకుండా గిన్నెల్లో మిగిలినదానికి ఒకటి, పళ్ళేల్లో మిగిలినదానికి ఒకటి. ఎనిమిదో తరగతి పిల్లలు ప్రయోగశాలలోని స్ప్రింగ్ త్రాసుతో రోజూ తూచి, ఆనాటి హాజరు, వంటకాలతో పాటు ఒక నోటుపుస్తకంలో రాస్తారు. ఎవరి పళ్ళెంలో ఎంత మిగిలిందో రాయకూడదన్నది నేను పెట్టిన ఒకే ఒక నియమం. ఇది ఎవరినీ దోషిగా నిలబెట్టే లెక్క కాదు. కొన్ని వారాలు గడిచేసరికి ఆ పుస్తకమే మాకు పాఠం చెప్పసాగింది. కోడిగుడ్డు కూర ఉన్న రోజు డ్రమ్ము తేలికగా ఉంటుంది, పప్పు నీళ్లగా ఉన్న రోజు బరువుగా ఉంటుంది. పండుగ మరునాడు పళ్ళేల్లో కంటే గిన్నెల్లో మిగిలేది ఎక్కువ.

గిన్నెల్లో మిగలడానికి కారణం తెలిసిపోయింది. వంటమ్మలు ఎసరు పెట్టే వేళకు ఆనాటి హాజరు వారికి అందడం లేదు. నిన్నటి లెక్కను బట్టి బియ్యం కొలిచేవారు. మొదటి పీరియడు ముగియగానే తరగతి నాయకులు తమ సంఖ్యను వంటగది తలుపు మీది చిన్న పలక మీద రాయడం మొదలుపెట్టాక ఈ మిగులు దాదాపు పోయింది. ఖర్చు లేని పని ఇది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

పళ్ళేల్లో మిగిలేదానికి మాత్రం కారణం ఒక్కటి కాదు. నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం కేటాయిస్తారు. 150 గ్రాముల బియ్యం ఉడికితే 400 గ్రాములకు అటు ఇటుగా అన్నం అవుతుంది. ఆరో తరగతిలో చేరిన చిన్న పిల్లకూ, కబడ్డీ ఆడి వచ్చిన పదో తరగతి పిల్లవాడికీ ఒకే పెద్ద హస్తంతో ఒకేసారి వడ్డిస్తే ఆ పిల్ల పళ్ళెంలో మిగలక మానదు, ఆ పిల్లవాడికి చాలదు. సగటు అన్నది కాగితం మీద సరిపోతుంది గాని ఆకలికి సరిపోదు. ఇప్పుడు మొదట సగం హస్తం పెట్టి, వరుస పూర్తికాగానే వడ్డించేవారే పిల్లల దగ్గరికి నడిచి వెళ్లి మారు అడుగుతారు. పిల్లలు లేచి వచ్చి అడగాలంటే మొహమాటపడతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అందుకే మారు వడ్డన అనేది అడిగితే చేసే దయగా కాక, అందరికీ జరిగే మర్యాదగా ఉండాలి. పెళ్లి పంక్తిలో మనం చేసేది ఇదే కదా.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. కొందరు పిల్లలు అన్నంలోంచి కొన్ని గింజలను ఏరి పళ్ళెం అంచున పెట్టడం, వాటితో పాటు చుట్టుపక్కల అన్నాన్ని కూడా వదిలేయడం చూశాము. అవి ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లో ఎవరో చెప్పారట. నిజానికి అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, బియ్యపు గింజ ఆకారంలో యంత్రంతో తయారుచేసినవి. రక్తహీనతను తగ్గించే ఉద్దేశంతో 100 కిలోల మామూలు బియ్యంలో వీటిని 1 కిలో చొప్పున కలిపి బడులకు, చౌకధరల దుకాణాలకు సరఫరా చేస్తూ వచ్చారు. రంగులో కొద్ది తేడా ఉండటం వల్ల, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలడం వల్ల అనుమానం పుట్టింది. దానిని అజ్ఞానమని కొట్టిపారేయకుండా, ఏరిన గింజలను పిల్లలనే ప్రయోగశాలకు తెమ్మన్నాను. పిండిపదార్థానికి అయోడిన్ తగిలితే నీలి నలుపు రంగు వస్తుందని వారు పుస్తకంలో చదువుకున్నదే. మామూలు గింజ మీదా, ఈ గింజ మీదా, ఒక ప్లాస్టిక్ ముక్క మీదా చుక్క చుక్క వేశారు. గింజలు రెండూ నల్లబడ్డాయి, ప్లాస్టిక్ మారలేదు. ఆ సాయంత్రం ఆ పిల్లలు ఇంట్లో చెప్పిన మాటకు నా మాట కంటే ఎక్కువ విలువ ఉంటుందని నాకు తెలుసు. వంటమ్మలు కూడా అప్పటినుంచి కడుగునీళ్లలో తేలిన గింజలను పారబోయకుండా తిరిగి బియ్యంలో కలుపుతున్నారు.

ఇంత చేసినా కొంత మిగులుతుంది. మన ఊళ్లలో దానికి పాత దారి కుడితి. పక్క వీధి రైతు తన గేదెల కోసం వచ్చి పట్టుకెళతాడు. అయితే ఉడికిన అన్నం ఎక్కువగా తిన్న పశువుకు పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది కనుక, తవుడు, గడ్డితో కలిపి కొద్దికొద్దిగానే పెట్టాలని ఆయనతో మాట్లాడుకున్నాము. తక్కినది కంపోస్టు గుంతలోకి వెళుతుంది. అన్నాన్ని ఒక్కదాన్నే గుంతలో పోస్తే గాలి ఆడక కుళ్లి, దుర్వాసన, పురుగులు వస్తాయి. అలా గాలి లేకుండా కుళ్లినప్పుడు వెలువడే మీథేన్ వంద సంవత్సరాల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి ఒక బకెట్టు తడి వ్యర్థానికి మూడు బకెట్ల ఎండుటాకులు పొరలు పొరలుగా వేసి, పైన పేడనీళ్లు చల్లి, కుక్కలు తవ్వకుండా రేకు మూత పెట్టి, వారానికి ఒకసారి తిరగవేస్తాము. చేతిలో పిండితే చెమ్మ తగలాలి గాని నీరు కారకూడదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేపచెట్లు రాల్చే ఆకునంతా ఊడ్చి తగలబెట్టడం ఎన్నో బడుల్లో ఇంకా అలవాటు. ఆ పొగలో పోయేది మనకు కావలసిన సగం ఎరువు అని ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ చెప్పాలనిపిస్తుంది.

ఎరువు తయారైంది సరే, మొక్కలు ఎప్పుడు నాటాలి? జూన్, జూలైలో నాటే కార్యక్రమాలు రాష్ట్రమంతటా ఒకేసారి జరుగుతాయి. నెల్లూరు జిల్లా వానలు ఆ లెక్కలో రావు. మనకు సంవత్సరపు వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. జూలైలో ఇక్కడ పడమటి గాలి, ఎండ. ఆ నెలలో ఫొటోలు తీసుకుని నాటిన మొక్క దసరాకు ఎండుపుల్లగా మిగలడం మొక్క తప్పు కాదు. వేసవిలోనే రెండడుగుల గుంతలు తీసి, చెరువు మట్టి, కంపోస్టు నింపి ఉంచి, తొలి ఈశాన్యపు వాన పడగానే నాటితే మూడు నెలలు నేల తడిగా ఉంటుంది, వేరు లోతుకు దిగుతుంది. వేప, కానుగ, చింత, నేరేడు మన ఎర్ర గరపనేలలో బతుకుతాయి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే విదేశీ జాతి చెట్టును నాటవద్దు. ఆరోగ్యానికి, పర్యావరణానికి చేటని గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నిషేధించింది. వంటగది దగ్గర మాత్రం మునగ, కరివేపాకు, పళ్ళేలు కడిగిన నీరు పారే కాలువ పక్కన అరటి ఉండాలి. మునగాకు పప్పులో పడిన రోజు, తాము పెంచిన చెట్టు ఆకు కనుక, పిల్లలు దానిని ఏరి పక్కన పెట్టడం లేదు.

అసలు పరీక్ష ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవులది. బడిలో నాటిన మొక్కల్లో ఎక్కువ భాగం చనిపోయేది ఆ రోజుల్లోనే, నీళ్లు లేకా, మేకలు మేసీ. మేకలకు అడ్డంగా సర్కారు తుమ్మ కంప కడతాము. ఆ ముళ్లకు మన ప్రాంతంలో కొదవ లేదు. ప్రతి మొక్క పక్కన అడుగున సన్నని రంధ్రం చేసిన మట్టికుండను మెడ దాకా పాతి, దానిని నింపి మూత పెడితే నీరు నెమ్మదిగా వేళ్లకే అందుతుంది, ఎండకు ఆవిరి కాదు. పాదు మీద రైసుమిల్లు ఊక నాలుగంగుళాల మందాన పరుస్తాము. సెలవుల్లో కుండలు నింపే పని బడికి దగ్గరి వీధుల్లో ఉండే తొమ్మిదో తరగతి పిల్లలు వంతులవారీగా పంచుకున్నారు. రాత్రి కాపలాదారు ఉదయం ఎండ ఎక్కకముందే గేటు తీసి వారికి నీళ్లు పట్టి ఇస్తాడు.

ఈ సంవత్సరం ఎన్ని నాటాలన్న చర్చ వచ్చినప్పుడు సంఖ్య పెద్దదిగా ఉండాలని కొందరు కోరారు. కుండలు నింపడానికి ఎంతమంది పిల్లలున్నారో అన్ని మొక్కలే నాటుదామని నేను పట్టుబట్టాను. ఆటస్థలంలో ఒక్క గుంత కూడా తీయకూడదని పిల్లలు పట్టుబట్టారు. రెండూ నిర్ణయాల పుస్తకంలోకి ఎక్కాయి. గుంతలన్నీ ఉత్తరపు ప్రహరీ వెంట, విద్యుత్ తీగలకు దూరంగా తీయిస్తున్నాము.