బెన్ లోమండ్ మీద ఎవరి వలయం వారిదే

బూట్లు 120 పౌండ్లు. కొట్లో నిలబడే లెక్కేశాను, పదమూడు వేల పైమాటే. "ప్రతిదీ రూపాయల్లోకి మార్చకు నాన్నా, ఇక్కడ కాఫీ కూడా గొంతు దిగదు" అని అమ్మాయి కసిరింది. నిజమే, ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నాకు కాఫీ సరిగ్గా దిగడం లేదు.

తను గ్లాస్గోలో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే కొండలెక్కుతుంది. స్కాట్లండ్‌లో మూడు వేల అడుగులు దాటిన శిఖరాలను మన్రోలంటారు. 1891లో హ్యూ మన్రో అనే ఆయన వేసిన జాబితా అది, ఇప్పుడు 282 ఉన్నాయి. అన్నీ ఎక్కి టిక్కు పెట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారట. వాటిల్లో దక్షిణపు చివరిది, ఊరికి దగ్గరది బెన్ లోమండ్, ఎత్తు 974 మీటర్లు. "నువ్వు ఎక్కగలవు నాన్నా" అంది. మా ఆవిడ మాత్రం మోకాళ్ల పేరు చెప్పి తప్పించుకుని, పులిహోర కట్టిచ్చింది.

నవంబరు. బాల్మహా దాటాక రోడ్డు సన్నబడింది, పొగమంచు చిక్కబడింది. రోవార్డెన్నన్‌లో కారు దిగితే పక్కనే ఉండాల్సిన లోమండ్ సరస్సు జాడే లేదు. గ్రేట్ బ్రిటన్ మొత్తంలో అంత విశాలమైన మంచినీటి సరస్సు ఇంకోటి లేదంటారు. నాకు కనిపించింది మాత్రం గులకరాళ్లు, కాసిని నీళ్లు. పైగా పార్కింగ్‌కి డబ్బులు. ఇంత తెల్లటి శూన్యాన్ని చూడ్డానికి డబ్బులెందుకని గొణిగాను. అమ్మాయి ఫోన్ తీసి కొండల వాతావరణ సూచన చదివింది: మన్రోల మీద మబ్బు లేకుండా ఉండే అవకాశం తొంభై శాతం. నేను చుట్టూ చూసి ఊరుకున్నాను.

అడవిలో రాళ్లు పరిచిన దారి, చెమ్మ, గొర్రెల పెంటికలు. ఆ దారి గురించి చెప్పడానికింకేం లేదు. చెట్లు అయిపోయి గడ్డి వాలు మొదలైంది, చాలాసేపు సాగింది. చలి వేళ్లను కొరికేస్తోంది. ఎదురొచ్చినవాళ్లంతా ఒంటిమీద పల్చటి చొక్కాలతో, మొహాలు వెలిగిపోతూ దిగుతున్నారు. వీళ్లకేం పిచ్చా అనుకున్నాను.

అంతలో తెల్లదనం పల్చబడింది. నెత్తిన లేత నీలం కనిపించింది. ఇంకాస్త ఎక్కేసరికి తల మబ్బు దాటింది, నడుం దాటింది, ఎండ చెంపకు తగిలింది. కోటు విప్పాను, స్వెటర్ విప్పాను. ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడుతుందని ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇక్కడ పైన వెచ్చగా ఉంది. అధిక పీడనం ఉన్న రోజుల్లో, గాలి కదలని పొడవాటి రాత్రుళ్లలో, లోయలోని గాలి బాగా చల్లబడి అడుగునే ఉండిపోతుంది. పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. తేమంతా ఆ మూత కింద మబ్బై నిలిచిపోతుంది. ఇన్‌వర్షన్ అని బోర్డు మీద గీతలు గీసి చెప్పిన సంగతే. చర్మానికి తెలియడం ఇప్పుడే.

పడమట ఆరోఖర్ కొండలు, ఉత్తరాన ఇంకా ఎన్నో, దీవుల్లా తేలుతున్నాయి. మా వంజంగిలోనూ మేఘాల మీద సూర్యోదయం చూశాను. అక్కడ సెల్ఫీ కర్రల మధ్యలోంచి చూడాలి, మ్యాగీ వాసన పీలుస్తూ. ఇక్కడ టీ కొట్టు లేదు, జనం నలుగురే. టీ కొట్టు లేకపోవడం నాకు నచ్చలేదు, ఆ మాట దాచను.

శిఖరం దగ్గర కుక్కతో కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి అంచు వైపు చెయ్యి చూపించాడు. ఈశాన్యాన కొండ నిట్టనిలువుగా పడిపోతుంది, ఆ గుంత నిండా మబ్బు. మా వెనక నైరుతిలో మధ్యాహ్నమే వాలిపోయిన సూర్యుడు. మబ్బు మీద మా నీడలు బారెడు పొడుగు కాళ్లతో పడ్డాయి. నా నీడ తల చుట్టూ రంగుల వలయం!

"నా తల చుట్టూ చూడవే" అన్నాను.

"నీకెక్కడుంది నాన్నా? నాకుంది."

కాసేపు వాదించుకున్నాం. పెద్దాయన పకపకా నవ్వాడు. నీటి బిందువులు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి కాబట్టి ఎవరి వలయం వాళ్లకే కనిపిస్తుంది. మబ్బు మీద పడే ఆ పొడుగు నీడను బ్రాకెన్ స్పెక్టర్ అంటారు, దాని తల చుట్టూ ఉండే వలయాన్ని గ్లోరీ అంటారు. "విల్సన్ తెలుసా?" అన్నాడు ఆయన. తెలియకేం! క్లౌడ్ చాంబర్, 1927 నోబెల్, బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ వేశానో. 1894లో ఆ విల్సన్ బెన్ నెవిస్ శిఖరం మీది వాతావరణ కేంద్రంలో రెండు వారాలున్నాడని, మబ్బుల మీద ఇలాంటి వలయాలు చూసే, వాటిని ప్రయోగశాలలో పుట్టిద్దామని మొదలుపెట్టాడని చెప్పాడు. ఆ ప్రయత్నమే చివరికి పరమాణు కణాల దారులు చూపించే ఆ క్లౌడ్ చాంబర్ అయింది. ఈ ముక్క నా పాఠంలో ఎన్నడూ లేదు. ఉండుంటే వెనక బెంచీలవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. ఆయనకు పులిహోర పెట్టాను. మిరపకాయ తీసి పక్కన పెట్టి, మిగతాది మెతుకు వదలకుండా తిన్నాడు.

అమ్మాయి ఫోటో తీసి అక్కణ్ణుంచే వాట్సాప్‌లో వాళ్లమ్మకు పంపింది. కెమెరా తనది కాబట్టి వలయం తన తలకే వచ్చింది, నేను పక్కన ఉత్త నీడగా మిగిలాను. మా ఆవిడ జవాబు వెంటనే వచ్చింది: "పిల్ల తల చుట్టూ దేవతలా ఎంత బాగుందో. మీకు రాలేదేం? పొద్దున స్నానం చేయలేదుగా."