పులికాట్ ఒడ్డున ఒక సాయంత్రం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే మా చిన్నమ్మ స్కూటర్‌తో ఎదురుచూస్తోంది. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న యానాదుల కాలనీకి ఆమె వారం వారం షుగర్ మందులు తీసుకెళ్తుంది. మా నాన్నకూ షుగరే. ఆ టెన్షన్‌తోనే నేనూ వెంట వెళ్లాను.

మొదట్లో పొద్దున పదింటికి శిబిరం పెడితే ఒక్కరూ వచ్చేవాళ్లు కాదట. ఆ వేళకు ఆడవాళ్లంతా నీళ్లలో చేతులతో తడుముతూ రొయ్యలు పడుతుంటారు. రోజు మానుకుంటే పొయ్యి వెలగదు. అందుకే చిన్నమ్మ సాయంత్రం వెళ్తోంది.

ఒక అవ్వ కాలు చాపింది. బొటనవేలి కింద ఆల్చిప్ప కోసిన గాయం. ఎప్పుడు తెగిందో తెలియదంది. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి, నొప్పి తెలియదు. ఆ బురదలో చెప్పులు నిలవవు కాబట్టి చిన్నమ్మ ఆ మాటే ఎత్తలేదు. "ఒడ్డెక్కగానే కాళ్లు కడుక్కుని మనవరాలికి చూపించు అవ్వా, రోజూ" అంది. గాయానికి కట్టు కట్టి, మర్నాడు ఆస్పత్రికి తానే తీసుకెళ్తానంది.

పట్నంలో ఒక డాక్టరు చపాతీలు తినమన్నారట. ఇంట్లో ఉండేది రేషన్ బియ్యం. "మా అమ్మ కాలంలో దుంపలు, చేపలు, తేనె. మూడు పూటలా వరన్నం ఎవరికుంది అబ్బయ్యా?" అంది అవ్వ. వాళ్ల పెద్దలది శ్రీహరికోట అడవి, రాకెట్ కేంద్రం వచ్చాక ఇటు మారారు. అన్నం ఒక గరిటె తగ్గించి చేప ముక్క పెంచమని చిన్నమ్మ చెబితే అవ్వ వెంటనే తలూపింది.

తర్వాత కొంగుముడి విప్పి, షుగర్‌కని తను నమిలే పొడపత్రి ఆకు నా చేతిలో పెట్టింది. నమిలి చక్కెర వేసుకుంటే ఇసుక నోట్లో పోసుకున్నట్టే ఉంది, తీపి జాడ లేదు. చిన్నమ్మ కసురుకుంటుందేమో అనుకున్నాను. ఆమె రోజుకెన్ని ఆకులు తింటున్నావని అడిగింది. ఆకూ బిళ్ళా కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు, నీళ్లలో కళ్లు తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. "బిళ్ళ మానొద్దు, అన్నం తిన్నాకే వేసుకో. ఆకు సంగతి రేపు డాక్టరుకూ చెబుదాం. ఒళ్లు తూలితే బెల్లం ముక్క నములు. తీపి తెలియకపోయినా పనిచేస్తుంది." చిన్నమ్మ ఆకు మాట వింది కాబట్టే అవ్వ బిళ్ళ మాట విందని నాకనిపించింది.

చీకటి పడుతుంటే మనవరాలు ఫోన్ టార్చి వేసి అవ్వ రెండో పాదం చూస్తోంది. బయల్దేరుతుంటే అవ్వ కొన్ని ఆకులు పొట్లం కట్టి ఇచ్చింది. "మీ నాయనకు. బిళ్ళలు మాత్రం ఆపనీయొద్దు అబ్బయ్యా."