చక్రాల మీద ఇల్లు, వీధి, కొట్టు

పాప స్కూల్ మ్యూజికల్‌లో, అంటే పాటల నాటకంలో ఉంది అని చెప్పగానే మనవాళ్లు అడిగేది "ఏం వేషం?" అనే. వేషం లేదండీ, స్టేజ్ క్రూలో ఉంది, సెట్లు కట్టేదీ, షో రోజు చీకట్లో నల్లబట్టలు వేసుకుని వాటిని తోసేదీ వాళ్లే అంటే "ఓహో" అని మాట మార్చేస్తారు. నాకు మాత్రం ఆ పని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

మేముండేది డల్లాస్ దగ్గర. ఇక్కడ చాలా హైస్కూళ్లు ఏటా ఒక మ్యూజికల్ వేస్తాయి. మా స్కూల్లో సెట్ కట్టేది థియేటర్ టీచరు, పిల్లలు, శనివారాలు వచ్చే మాలాంటి తల్లిదండ్రులు. ఇప్పుడు ఇల్లు, పాట అయ్యేలోపు వీధి, వెంటనే కొట్టు. ఆర్కెస్ట్రా మన కోసం ఆగదు కాబట్టి అన్నిటికీ చక్రాలుండాలి.

ఈసారి వీధికీ ఇంటికీ పిల్లలు ఎంచుకున్నది మూడు ముఖాల స్తంభం. పాత గ్రీకు నాటకశాలల నాటి ఉపాయం, పేరు పెరియాక్టోయి. మూడు ఫ్లాట్లను, అంటే గోడలా నిలబెట్టే పలకలను, త్రికోణంగా నిలబెట్టి ఒక్కో ముఖం మీద ఒక్కో దృశ్యం గీస్తారు, గిర్రున తిప్పితే సీను మారిపోతుంది. ఒక్కో ఫ్లాట్ 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, సన్నటి చెక్క చట్రానికి పావు అంగుళం ప్లైవుడ్ తొడుగు. అడుగున ముప్పావు అంగుళం ప్లైవుడ్, మూలకో చక్రం. "నాలుగైతే గట్టిగా ఉంటుంది కదా" అన్నాను. "మూడైతే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడూ ఆనతాయి నాన్నా, నాలుగైతే ఒకటి గాల్లో ఉండి ఊగుతుంది" అంది. పొడుగ్గా ఉంది కదా, పక్కకి ఒరగకుండా అడుగున ఇసుక బస్తాలు వేశారు.

కొట్టు మాత్రం వేరే, అది నేరుగా లోపలికి వచ్చి నేరుగా వెనక్కి పోవాలి. దానికి అన్ని వైపులా తిరిగే చక్రాలు పనికిరావు. ముందుకు తోసి వెనక్కి లాగగానే చక్రాలన్నీ తిరగబడతాయి, ఆ తిరగడంలో మొత్తం బండి పక్కకి ఒక గెంతు గెంతుతుంది. అందుకే ఒకే వైపు నడిచే చక్రాలు బిగించారు. కొట్టు తలుపు దబాల్న వేస్తే గోడ వణక్కుండా వెనక ఏటవాలు ఊతం పెట్టారు. ఎక్కడ ఆపాలో తెలియడానికి నేల మీద సీనుకో రంగు టేపు, చీకట్లో కనపడాల్సిన చోట మెరిసే టేపు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఇంట్లో నేను తెలుగులో ఏదడిగినా మా పాప జవాబు ఇంగ్లీషులో ఒక ముక్క. ఆదివారం తెలుగు క్లాసుకి పంపాం, అక్షరాలొచ్చాయి గానీ మాట రాలేదు. అదే పిల్ల, పలకకి ఆ కొస తనూ ఈ కొస నేనూ పట్టుకున్నప్పుడు "ఎత్తు నాన్నా, కొంచెం నీ వైపు జరుపు, వదలకు, వదలకు, ఇప్పుడు దించు" అంటోంది. డ్రిల్, స్క్రూ, క్లాంప్ ఇంగ్లీషులోనే ఉన్నాయి, మిగతాదంతా తెలుగే. "ముందు చిన్న బెజ్జం వెయ్యి, లేకపోతే చెక్క చీలుతుంది" అని నాకు చెప్తోంది. చెప్పేది తనూ వినేది నేనూ అయ్యేసరికి మాట దానంతటదే వచ్చింది. పిల్లలతో తెలుగు మాట్లాడించాలని తంటాలు పడే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే, వాళ్లకి మీకన్నా బాగా వచ్చిన పనిలో వాళ్ల చేతికింద చేరండి.

మా అమ్మది ప్రొద్దుటూరు. వీడియో కాల్‌లో "ఏం వేషం వేస్తాండావు పాపా?" అనే అడిగింది, కానీ సెట్లు అనగానే సురభి వాళ్ల నాటకాల సంగతి ఎత్తుకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన సమాజం అది, కుటుంబాలకి కుటుంబాలే నాటకంలో బతికాయి. అమ్మ చిన్నప్పుడు చూసిన రంగుల తెరలు, అవి చిటికెలో మారిపోవడం, మాయలు, మంటలు అన్నీ చెప్పింది. పాప అడిగింది వేరు. "తాళ్లు ఎవరు లాగేవాళ్లు జేజీ? తెర బరువెంత ఉండేది? కింద కట్టె కట్టేవాళ్లా?" మా అమ్మ జవాబు కోసం ఇంటి పక్కన ఉండే పెద్దాయన్ని కూడా ఫోన్ దగ్గరికి పిలిపించింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా తర్జుమా చెయ్యలేదు.

ఆఖరి షో అయిన రాత్రే సెట్ విప్పేశారు. మేకులూ జిగురూ వాడకుండా స్క్రూలతో కట్టేది అందుకే, చెక్క వచ్చే ఏడాదికి పనికొస్తుంది. మూడు ముఖాల స్తంభాలు రెండింటిని టీచరు మాకు ఇస్తామన్నారు. మన తెలుగు సంఘం సంక్రాంతి నాటికకి ప్రతిసారీ వెనక ఎల్‌ఈడీ తెర మీద ఏదో ఫొటో పెడతాం కదా, ఈసారి వాటి మీద ఒక ముఖం పెంకుటిల్లు, ఒక ముఖం రచ్చబండ, మూడోది సంత గీద్దామని పాప అంటోంది. తోయడానికి తొమ్మిదో తరగతి దాటిన పిల్లలు నలుగురు కావాలి. పేర్లివ్వండి, అమ్మానాన్నలు కూడా రావాలి, కాళ్లకి చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని.